రూటర్ కింద అద్దంలాంటి ప్లేటు

జనగామ దవాఖానలో, ఎడమ అరచేతికి కుట్లు వేయించుకుని బెంచీ మీద కూర్చున్న మనిషి నన్నొక మాట అడిగాడు. "అన్నా, ప్లేట్ ముందుగాల పలిగిందా, నా చెయ్యి ముందుగాల జారిందా?"

నాకు జవాబు తెలుసు. "ఇప్పుడవన్ని ఎందుకు తమ్మీ, జర పండుకో" అన్నాను.

అతను మళ్లీ అడగలేదు. నేను కొన్నేళ్ల దాకా చెప్పలేదు. ఆ జవాబు మీద ఒక పనివాడి పేరు నిలబడి ఉందని నాకు ఆ బెంచీ మీదే తెలుసు. తెలిసే ఊరుకున్నాను. మా పనివాళ్లలో ఆ రోజు చీలిన దర్వాజ కథ ఇప్పటికీ తప్పుగానే తిరుగుతోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది తాతల నాటి నుంచి వడ్లపని, అంటే వడ్రంగం చేసే ఇల్లు. జనగామలో నాకు చిన్న చెక్కపని షాపు ఉంది. దర్వాజలు అంటే ద్వారబంధాలు, వాటికి తలుపులు, కిటికీలు చేస్తాం. అతను మానుకోట జిల్లా నెల్లికుదురు వైపు ఒక తండా మనిషి. నాకంటే చిన్నవాడు. మొదట మా షాపుకు మొద్దులు దించడానికి వచ్చాడు. దించిన మొద్దు పక్కనే నిలబడి మేం ఉలి ఎట్లా పట్టుకుంటున్నామో చూసేవాడు. కొన్నాళ్లకు తనే పట్టాడు. చూస్తుండగానే నాకంటే బాగా పువ్వు చెక్కడం మొదలుపెట్టాడు.

ఇది మా వాళ్లకు నచ్చలేదు. ఛాయ తాగడానికి షాపుకు వచ్చే ఒక పెద్దాయన అతని ముందే అన్నాడు. "గాయిన బాడిస పడితె, ఇగ మనం ఏం పట్టాలెనే?"

అతను చెక్క మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "నువ్వు ఛాయ గిలాస పట్టు బాపూ. గదైతె నీ చెయ్యికి బాగ అలవాటు."

పెద్దాయనతో సహా అందరం నవ్వాం. అతనిది అట్లాంటి నోరు. వినయం అనేది అతని ఒంట్లో లేదు. చెక్కిన పువ్వును పదిమందికి చూపించి, వాళ్లు మెచ్చుకునేదాకా వదిలేవాడు కాదు. మెచ్చుకోదగ్గ పనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవారు.

ఆ రోజుల్లో నేనొక చిన్న రూటర్ మిషన్ కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పిడికిలి నిండా పట్టే మోటారు అది. దాని కొసన పదునైన బిట్ గిర్రున తిరుగుతుంది. చెక్క మీద గీసిన గీత వెంట నడిపిస్తే గాడి పడుతుంది. ఉలితో పూటంతా పట్టే తీగల పని దీంతో తొందరగా అయిపోతుంది. మిషన్ అడుగున ఒక ప్లేటు ఉంటుంది. అదే చెక్క మీద ఆనుకుని జరుగుతుంది. కంపెనీ ఇచ్చిన ప్లేటు నల్లది, నడుమ బిట్ దూరేంత బెజ్జం. కుడిచేత్తో మిషన్ పట్టుకుని, ఎడమచేత్తో ప్లేటు అంచును చెక్కకు అదిమి నడపాలి. అప్పుడు గీత మొత్తం ఆ నల్ల ప్లేటు కిందకు వెళ్లిపోతుంది.

అతను రెండు రోజులు దాంతో పనిచేసి విసుక్కున్నాడు. "గిదేందన్నా, కండ్లకు గంతలు కట్టి ముగ్గెయ్యమన్నట్టున్నది! గీత కానొస్తె గద, నేను దాని ఎంబడి పోయేది."

"ఏం చేద్దామంటవ్ మరి?"

"అద్దం పెట్టు."

"అద్దం పలుగుతది."

"పలగని అద్దం పెట్టు. నువ్వు వడ్లాయనవు గదా, నాతోని చెప్పిస్తవేంది!"

పలగని అద్దం కోసం నేను మానుకోటలో బోర్డులు తయారుచేసే ఒక షాపుకు వెళ్లాను. లైటు బోర్డులు చేయగా మిగిలిన అక్రిలిక్ ముక్కలు అక్కడ మూలన పడి ఉంటాయి. నీళ్లలా తేటగా ఉన్న మందమైన ముక్కను ఏరుకుని తెచ్చాను. ఆ ప్లేటును నేనే నా చేతులతో చేశాను. అది బాగా చేశానన్న సంగతి కూడా ఈ కథలో ఉండాలి.

ముక్కకు రెండు వైపులా అంటించిన కాగితాన్ని తీయలేదు. తీస్తే గీతలు పడతాయి. నల్ల ప్లేటు విప్పి దాని మీద పెట్టి, అంచు చుట్టూ, స్క్రూ బెజ్జాల చుట్టూ పెన్సిల్‌తో గీశాను. సన్న పళ్ల బ్లేడుతో మెల్లగా కోశాను. తొందరపడితే ప్లాస్టిక్ వేడెక్కి కరిగి బ్లేడుకే అంటుకుంటుంది. బెజ్జాలు వేసేటప్పుడు అడుగున పనికిరాని చెక్క పెట్టి, నీళ్ల చుక్కలు వేస్తూ, మిషన్ మీద బరువు వేయకుండా దించాను. స్క్రూ తలలు బయటకు పొడుచుకొస్తే దర్వాజ మీద గీతలు పడతాయి కాబట్టి అవి మునిగేలా గుంటలు చేశాను. నడిమి బెజ్జం మాత్రం ముందే వేయలేదు. ప్లేటును మిషన్‌కు బిగించి, ఆ మిషన్ బిట్‌నే కిందికి దించి వేశాను. అట్లా అయితే బెజ్జం సరిగ్గా నడుమనే పడుతుంది. గీత ఇంకా బాగా కనపడాలని తర్వాత దాన్ని వెడల్పు చేశాను. చివరికి అంచులు ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్ది కాగితం ఒలిచాను.

అతను మిషన్‌ను చెక్క మీద పెట్టి లోపలికి చూశాడు. కింద పెన్సిల్ గీత, గీత మీద బిట్ మొన, అంతా కనపడుతోంది. మిషన్‌ను గీత వెంట అటూ ఇటూ జరిపి చూశాడు. 

"అన్నా, ఇగ సూడు" అని మిషన్ ఆన్ చేశాడు.

ఆ ప్లేటుతో చాలా దర్వాజల పని చేశాడు. తీగ ఒక్క చోట కూడా తొణకలేదు. పాలకుర్తి దాకా అతని పేరు పోయింది. దర్వాజ కావాలని వచ్చినవాళ్లు "మీ కాడ తండాయన ఉన్నడట గద, ఆయనతోనే చెక్కియ్యాలె" అని నాకే చెప్పేవాళ్లు. నేను నవ్వి సరేననేవాణ్ణి. ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదు. ఇది కూడా చెప్పకపోతే మిగతాది చెప్పి లాభం లేదు.

దసరాకు మా షాపులో పనిముట్లన్నీ కడిగి వరుసగా పెట్టి పూజ చేస్తాం. ఉలి, చిత్రిక పట్టే రంద, రంపం, మిషన్లు అన్నింటికీ పసుపు, కుంకుమ పెడతాం. ఆ ఏడు నా భార్య రూటర్‌ను బోర్లించి, పైకి తేలిన ఆ తేట ప్లేటు మీద బొట్లు పెట్టబోయింది. పొడి కుంకుమ నున్నటి ప్లాస్టిక్ మీద నిలవలేదు. కొంచెం నూనె కలిపి, అంచు చుట్టూ పసుపు రాసి, నడిమి బెజ్జం చుట్టూ కుంకుమ పెట్టి, ముచ్చటగా ముగ్గులా వేసింది. బాగుందని అందరం అన్నాం.

పండగ దాటాక పాలకుర్తి దగ్గర ఒక ఊళ్లో పని. కొత్త ఇంటికి దర్వాజ నిలబెట్టడానికి మర్నాడు పొద్దున ముహూర్తం ఉంది. ఆ చెక్క వాళ్ల చెల్క పొలం గట్టు మీద పెరిగిన టేకు. ఇంటాయన తల్లి దాన్ని బయటికి పోనివ్వలేదు. "మా చెట్టు మా వాకిట్లనే దర్వాజ కావాలె, నా కండ్ల ముందర చెక్కుండ్రి" అంది. అందుకని మేమే సామాను తీసుకుని వెళ్లాలి.

బయల్దేరే ముందు రూటర్ తీశాను. నూనె పసుపు పట్టుకుని ప్లేటు మసకగా ఉంది. గుడ్డతో తుడిస్తే ఇంకా అలుక్కుపోయింది. పక్కనే తలుపులకు పాలిష్ పెట్టే థిన్నర్ డబ్బా ఉంది. మా షాపులో చేతికంటిన రంగు దగ్గర్నుంచి బల్ల మీద మరక దాకా అన్నిటికీ థిన్నరే మందు. గుడ్డ తడిపి, స్క్రూలు బిగించి ఉన్న ప్లేటును అట్లాగే రెండు వైపులా తుడిచాను. ఒక్క క్షణంలో తేటగా అయింది. సంతోషపడ్డాను.

ఆ ఊరి వాకిట్లో మిషన్‌కు బిట్ బిగిస్తున్నప్పుడు చూశాను. స్క్రూ బెజ్జాల చుట్టూ సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు. ఎండకు తిప్పితే మెరుస్తున్నాయి. ఒక గీత బెజ్జం నుంచి నడుమ దాకా పోయింది. గోటితో గీకితే గోరుకు తగల్లేదు. పై పైన పడ్డ గీతలే అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, నా గుండె ఒకసారి గుబుక్కుమన్న సంగతి కూడా నాకు గుర్తుంది. నల్ల ప్లేటు ఆ మిషన్ డబ్బాలోనే ఉంది. డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది.

"అన్నా, ఇస్తవా, పూజ చేస్తవా?" అని అతను చెయ్యి చాపాడు.

నల్ల ప్లేటు వేస్తే గీత కనపడదని గొడవ పెడతాడు. ఎందుకు మార్చావంటే నేను పాడుచేశానని చెప్పాలి. అందరి ముందూ నన్ను ఆడుకుంటాడు. మిషన్ అతని చేతిలో పెట్టాను.

దర్వాజ పై చెక్కను రెండు దిమ్మెల మీద పడుకోబెట్టి ఉంచాం. నడుమ తామర, రెండు వైపులా తీగలు. ఇంటాయన తల్లి నులక మంచం వేసుకుని కూర్చుంది. ఇల్లు కట్టే మేస్త్రి, ఇంటాయన పక్కన నిలబడ్డారు. అతను తీగ సగం దాకా తెచ్చాడు. ఇక తామర రేకు దగ్గరికి వస్తున్నాడు.

"టక్" మని ఒక చప్పుడు. ఎండు కట్టె విరిగినంత చిన్న చప్పుడు. వెంటనే మోటారు అరుపు మారిపోయింది. మిషన్ పక్కకు ఒరిగి చెక్కలోకి దిగబడింది, ఎగిరింది. తామర నడుమ నుంచి అంచుదాకా చెక్క చీలిపోయింది. అతను ఎడమచేతిని పొట్టకు అదుముకుని కింద కూర్చుండిపోయాడు. చెక్క మీద నెత్తురు. అంగీ మీద నెత్తురు.

ముసలమ్మ మంచం మీద నుంచి లేచి అరిచిన అరుపు నాకిప్పటికీ వినపడుతుంది. "అయ్యయ్యో, గడప నిలవక ముందుగాలనే నెత్తురాయె! నా ఇంట్ల నెత్తురాయె!"

నేను పరిగెత్తి వైరు పీకాను. మేస్త్రి తన తువ్వాల అతని చేతికి చుట్టాడు. అందరూ అతని చుట్టూ ఉన్నారు. నేను వంగి రంపపు పొట్టులోంచి ప్లేటు ముక్కలు ఏరాను. వెంట్రుక గీత ఎక్కడ ఉందో అక్కడే, స్క్రూ నుంచి నడుమదాకా విరిగింది. ముక్కలను జేబులో వేసుకున్నాను. మనిషి నెత్తురోడుతుంటే, వైరు పీకాక నా చేతులు మొదట చేసిన పని అదీ. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే పరాయివిగా అనిపిస్తాయి.

ఇంటాయన నా వైపు తిరిగాడు. "ఏమైంది? మిషన్ల ఏమన్న ఖరాబున్నదా?"

"మిషన్ మంచిదే" అన్నాను.

మిషన్ మంచిదే, నిజమే. ఇంటాయన తలాడించాడు. "అయితె చెయ్యి జారింది" అన్నాడు. మేస్త్రి కూడా అన్నాడు, "చెయ్యే జారింది."

తర్వాత దవాఖాన, ఆ బెంచీ, ఆ ప్రశ్న. ఇంటికి వచ్చే దారిలో ముక్కలను మురుగు మోరీలో పడేశాను.

ఆ ఇంటికి వేరే వడ్లాయన వేరే చెక్కతో దర్వాజ చేసి నిలబెట్టాడు. ముసలమ్మ మాటకు ఊళ్లో కాళ్లొచ్చాయి. ఆ మనిషి చెయ్యి పడితే దర్వాజ చీలుతుందన్నారు. వాళ్ల వంశంలో లేని పని పట్టినందుకే అయిందన్నారు. ఛాయ తాగే పెద్దాయన మా షాపులోనే అన్నాడు, "నేను ముందే చెప్పిన." చేతికి కట్టుతో వచ్చి కూర్చున్న అతను ఈసారి లేచి బయటికి పోయాడు. నేను ఆ పెద్దాయనకు ఛాయ గ్లాసు అందించాను.

చెయ్యి మానాక పనికి వచ్చాడు. దర్వాజకు వచ్చినవాళ్లు అతన్ని చూసి గొంతు తగ్గించి "ఆయనతోని కాకుండ జూడు" అనేవారు. నేను చూశాను. "తమ్మీ, నువ్వు ఎమరీ కొట్టు" అనేవాణ్ణి. మిషన్‌ను నేనే పట్టుకునేవాణ్ణి, నల్ల ప్లేటుతో. కొన్నాళ్లకు అతను తండాకు పోయాడు. అక్కడి నుంచి భూపాలపల్లి వైపు స్లాబులకు సెంట్రింగ్ పనికి పోయాడని విన్నాను. నా మీద కోపంతో పోయాడనుకున్నాను. ఆ కోపం నాకు ఒక విధంగా ఊరటగా ఉండేది. తిడుతున్నాడంటే తెలిసే ఉంటుంది, తెలిస్తే నేను చెప్పాల్సిన పని లేదు.

పైగా ఒక అనుమానాన్ని పెంచుకుంటూ వచ్చాను. ఏమో, నిజంగానే చెయ్యి జారిందేమో. జారి, మిషన్ పడి, అప్పుడు ప్లేటు విరిగిందేమో. నేను చూసిన వెంట్రుక గీతలు ఉత్త గీతలేనేమో.

ఆ అనుమానం మానుకోట బోర్డుల షాపులో పోయింది. ఇంకో పనికి అక్రిలిక్ ముక్క కావాలని వెళ్లాను. షాపాయన సాయిబు, మాటకారి. ఆయన బోర్డుకు బిగించి ఉన్న ముక్క మీద జిగురు మరక చూసి, పక్కనే ఉన్న సీసా అందుకుని "దీంతోని తుడువరాదే?" అన్నాను. అది థిన్నర్.

ఆయన నా చెయ్యి గభాల్న పట్టుకున్నాడు. "అరె భాయ్, దుకాణం ముంచుతవా? స్క్రూ బిగించి ఉన్నదానికి థిన్నర్ తగిలితె ఫట్టుమంటది!"

"అంత మందమున్నది గద?"

"మందమైతె ఏంది? ఉత్తగ పడున్న ముక్క అయితె జర ఓర్సుకుంటది. బిగించి ఉన్నదైతె, లోపల గుంజులాట ఉంటది గదా, ఓర్సుకోదు. ఉండు, చూపెడ్త."

చెత్తలోంచి ఒక ముక్క తీసి, చెక్కకు స్క్రూతో గట్టిగా బిగించి, సీసా మూతతో థిన్నర్ చుక్క వదిలాడు. ఇద్దరం వంగి చూస్తున్నాం. స్క్రూ చుట్టూ సన్నటి వెంట్రుకలు మొలిచాయి. నేను ఎండలో తిప్పి చూసినవే. అవి ఒకదాన్నొకటి కలుపుకుంటూ పోయాయి. ఆయన వేలితో ఒకసారి నొక్కాడు. "టక్" మంది.

అదే చప్పుడు.

"సూసినవా?" అని నవ్వి ఆయన నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమైందన్నా, పానం మంచిగ లేదా? కూసో, కూసో." నీళ్లు ఇచ్చాడు. తాగాను.  ఇక నాకు అనుమానమనే చాటు లేదు. అయినా చెప్పడానికి పోలేదు. ఎక్కడున్నాడో తెలియదని నాకు నేను చెప్పుకున్నాను. తండా ఎక్కడుందో నాకు తెలుసు.

చివరికి కలిసింది మొగుళ్లపల్లిలో. ఒక ఇంటికి తలుపులు బిగించడానికి వెళ్లాను. పక్కన కడుతున్న ఇంటి స్లాబు కింద సెంట్రింగ్ చెక్కలు కొడుతున్న మనిషి నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు. నేను తల తిప్పుకోబోయాను.

"ఓ అన్నా! గిట్లెటు వచ్చినవే? వదిన మంచిగున్నదా?"

దుమ్ము చేతులతోనే వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. కోపం లేదు. ఎంత వెతికినా అతని మొహంలో కోపం కనపడలేదు. నా లెక్క ఎక్కడో తప్పిందని నాకు అప్పుడే అర్థమైంది. ఇసుక కుప్ప పక్కన కూర్చుని ఛాయ తాగాం. అతను కుడిచేత్తో గ్లాసు పట్టుకుని, ఎడమచేత్తో ఆ కుడి మణికట్టును పట్టుకుని తాగుతున్నాడు.

"గదేంది తమ్మీ, అట్ల పట్టుకున్నవ్?"

"జారుతదని. మిషన్ పట్టింది ఈ చెయ్యే గద" అన్నాడు. మామూలుగా అన్నాడు, ఎండ కొడుతోందన్నట్టు. "నరాల డాక్టర్‌కు గూడ చూపెట్టిన. నరాలు మంచిగనే ఉన్నయన్నడు. మరి ఆనాడెందుకు జారిందో ఆయనకు గూడ తెల్వదాయె."

 నేను ఇన్నేళ్లూ అతను నన్ను తిట్టుకుంటున్నాడనుకున్నాను. అతను తన చేతిని తిట్టుకుంటూ బతికాడు. నేను చెప్పకుండా వదిలిన చోట అతను తన తప్పును రాసుకున్నాడు.

"తండాల ఇల్లు కడుతున్నన్నా" అన్నాడు. "దర్వాజ ఈ నెలల్నే నిలబెడుతం."

"ఏం చెక్క? టేకేనా? ఏం పువ్వు చెక్కుతున్నవ్?"

అతను ఇసుకలో గులకరాయి ఏరి విసిరాడు. "ఇనుప దర్వాజ చెప్పిన."

"నువ్వా? నీ ఇంటికా?"

"ఇనుమైతె చీలది గద" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. "మా ఇంటామె మొక్కింది. అన్ని నీ ఇష్టమే గని, దర్వాజకు మాత్రం నీ చెయ్యి పెట్టకు, పిల్లలు తిరిగే ఇల్లు అన్నది. నాకు గూడ భయమే అన్నా. వేరే వడ్లాయనను పిలువబుద్ధి కాలే. ఇనుపదే చెప్పిన."

నేను ఛాయ గ్లాసు ఇసుకలో పెట్టాను. చెప్పాను. పసుపు, థిన్నర్, వెంట్రుక గీతలు, నా కాళ్ల దగ్గరి డబ్బాలో నల్ల ప్లేటు, జేబులో వేసుకున్న ముక్కలు, బోర్డుల షాపు. ఏదీ వదలకుండా చెప్పాను. 

అయిపోయాక "మల్లొకసారి చెప్పు" అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఈసారి అతను వింటూ కుడిచేతిని ముందుకు చాపి చూసుకున్నాడు. వేళ్లు విప్పాడు, ముడిచాడు. లేచి ఇసుక కుప్ప అవతలికి పోయి, నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపటికి తిరిగాడు.

"థూ" అన్నాడు. "దొంగతనం చేసినోడన్న నయం గదనే. నీ ఇంట్ల తిన్న, నీ ఇంట్ల పన్న. నిన్ను అన్నా అని పిలిచిన. గిన్నేండ్లు నా చెయ్యిని నేను కొట్టుకున్న, తెలుసునా? నిజంగనే గోడకేసి కొట్టుకున్న."

"తమ్మీ, తప్పయింది..."

"ఆగు. ఈడ నువ్వు, నేను, ఈ ఇసుక. ఈడ చెప్తె నాకేం ఒరుగుతది? నా చెయ్యి పోయింది ఆ వాకిట్ల. మంది ముందట పోయింది. ఆడికొచ్చి చెప్పు. మా ఇంటామెను తోల్కొస్త, ఆమె ముందట చెప్పు. చెప్తవా, మల్ల పండుకో అంటవా?"

"చెప్త" అన్నాను.

ఒక ఆదివారం పాలకుర్తిలో కలిశాం. అతను, అతని భార్య, నేను ఒకే ఆటోలో ఆ ఊరికి పోయాం. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనక వాళ్లిద్దరూ తమ ఇంటి భాషలో మాట్లాడుకుంటున్నారు. నాకు ఆ భాష రాదు. మధ్య మధ్య "థిన్నర్" అన్న మాట ఒక్కటే వినపడేది. వినపడ్డప్పుడల్లా నేను రోడ్డు వైపు చూశాను.

ఇంటాయనకు ముందే ఫోన్ చేసి చెప్పాను, మేస్త్రిని కూడా పిలవమని. ముసలమ్మ వాకిట్లోనే ఉంది. అతన్ని గుర్తుపట్టి లేచి లోపలికి పోబోయింది.

"అవ్వా, నువ్వుండాలె" అన్నాను. "నీ ముందటనే చెప్పాలె."

వేరే వడ్లాయన నిలబెట్టిన దర్వాజ ముందు నిలబడి చెప్పాను. చూపించడానికి నా దగ్గర ముక్కలు లేవు. నా మాట ఒక్కటే ఉంది, ఆ మాట ఎట్లాంటిదో అక్కడున్నవాళ్లకు అప్పుడే తెలుస్తోంది. ఇంటాయన నోరు తెరిచి వింటున్నాడు. మేస్త్రి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మిషన్ మంచిదే అంటివి గద నువ్వు!" అన్నాడు ఇంటాయన.

"మిషన్ మంచిదేనే. ప్లేట్ నేను ఖరాబ్ చేసిన. అది చెప్పలే."

ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. "నేను వాని చెయ్యిని శాపనార్థాలు పెట్టిన గదరా! ఊరంత చెప్పిన గదరా! అప్పుడు నీ నోట్ల మన్ను పడ్డదా?"

పడ్డదని తల ఊపాను.

అతని భార్య అంతవరకూ కొంగు భుజం మీద పట్టుకుని నిలబడి ఉంది. ముందుకు వచ్చి మెల్లగా అడిగింది. "ఆ నల్ల ప్లేట్ ఆనాడు మీ కాడ లేకుండెనా?"

"ఉండె అమ్మా. డబ్బల ఉండె."

"మార్సాలంటె ఎంతసేపు?"

నాకు చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను. "ఛాయ తాగినంత సేపు."

ఆమె భర్త వైపు తిరిగి, అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అందరి ముందూ. తన భాషలో ఏదో అంది. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. మేస్త్రి ఇంటాయనను చూశాడు, ఇంటాయన నేలను చూశాడు.  ఇక మాట్లాడాల్సింది నేనే.

అతని ముందుకు వెళ్లాను. వయసులో చిన్నవాడని ఎప్పుడూ కూర్చున్న చోట నుంచే పిలిచేవాణ్ణి. ఆ రోజు చేతులు జోడించాను.

"తమ్మీ, నీ చెయ్యి జారలే. నేను చూసి గూడ, అది పలుగుతదని గుండెల గుబులైనా గూడ, నీ చేతుల పెట్టిన. నీకు పేరొస్తుంటె ఓర్వలేకపోయిన, అందుకే నీ పేరు పోతుంటె ఊకున్న. తప్పంత నాది. నన్ను మాఫ్ చెయ్యి."